పాలపిట్ట నిజంగా తగ్గిపోతోందా? దసరా పంజరం నుంచి కంచ భూముల దాకా

దసరా దగ్గర పడిందంటే హైదరాబాద్‌లో ఏటా ఒకే రకం వార్త వస్తుంది. ఫలానా చోట పంజరాల్లో పాలపిట్టలు దొరికాయి, అటవీశాఖ సిబ్బంది, జంతు సంరక్షణ కార్యకర్తలు కలిసి వాటిని విడిపించారు, కొన్నింటి రెక్కలు కత్తిరించి ఉన్నాయి, కొన్ని అప్పటికే చనిపోయాయి. ఆ వెంటనే కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో వాదన మొదలవుతుంది. డబ్బులిచ్చి పిట్టను చూడటం పాపం, పైగా నేరం అంటారు ఒకరు. పండగపూట పాలపిట్టను చూడటం తాతల నాటి ఆచారం, దాన్నీ తప్పుపడితే ఎలా అంటారు మరొకరు. ఒకప్పుడు ఊళ్లో కరెంటు తీగల మీద రోజూ కనిపించేది, ఇప్పుడు పంజరంలో తప్ప కనిపించట్లేదు, ముందు దాని సంగతి చెప్పండి అంటారు ఇంకొకరు.

ముగ్గురూ మాట్లాడేది ఒకే పక్షి గురించే. అడిగే ప్రశ్నలు మాత్రం వేరు. మొదటిది చట్టం, హింస గురించి. రెండోది ఆచారం గురించి. మూడోది ఆ పక్షి బతికే నేల గురించి. మూడింటినీ ఒకే ముద్ద చేయడంతో, పంజరం కనిపించినప్పుడు అందరికీ కోపం వస్తుంది, పంజరం పోగానే విషయం కూడా మరుగున పడుతుంది. నా ఉద్దేశంలో పాలపిట్టకు పెద్ద కష్టం పండగ వారంలో లేదు. ఎవరూ దాన్ని గుర్తుచేసుకోని మిగతా నెలల్లో ఉంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు పక్షిని సరిగ్గా గుర్తుపడదాం

పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. 2014 నవంబర్‌లో జింక, జమ్మిచెట్టు, తంగేడు పువ్వుతో పాటు దీన్నీ రాష్ట్ర చిహ్నంగా ప్రకటించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కూడా ఇదే రాష్ట్ర పక్షి. విడిపోయాక ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను ఎంచుకుంది. కర్ణాటక, ఒడిశాలకూ పాలపిట్టే రాష్ట్ర పక్షి.

కూర్చుని ఉన్నప్పుడు ఇది పెద్దగా కంటికి ఆనదు. గోధుమ రంగు వీపు, కాస్త ఊదా కలిసిన మెడ, పెద్ద తల. ఎగిరినప్పుడే రెక్కల్లోని ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. నగరంలో చాలామంది లకుముకి పిట్టను చూసి పాలపిట్ట అనుకుంటారు. తేడా సులభం. లకుముకికి పొడవైన ఎర్రటి ముక్కు, తెల్లటి ఛాతీ ఉంటాయి. పాలపిట్ట ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది. ఈ పొరపాటు చిన్నదేమీ కాదు. "మా చెరువు దగ్గర పాలపిట్టలు బోలెడున్నాయి" అని నమ్మకంగా చెప్పేవాళ్లలో కొందరు చూస్తున్నది లకుముకినే.

ఇది బతికే తీరు తెలిస్తే తర్వాతి విషయమంతా సులువుగా అర్థమవుతుంది. పాలపిట్ట ఎత్తైన ఎండుకొమ్మ మీదో, స్తంభం మీదో, తీగ మీదో కూర్చుని కింద నేలను చూస్తూ ఉంటుంది. మిడత, పేడపురుగు, కీచురాయి, తేలు, చిన్న తొండ, ఏది కదిలినా దిగి పట్టుకుని మళ్లీ పైకెళ్తుంది. ట్రాక్టర్ దున్నుతుంటే బయటపడే పురుగుల కోసం వెంట వస్తుంది. గింజలు తినే పక్షి కాదు. గూడు కట్టదు. ఎండిన తాటి మోడులోనో, పాత చెట్టు తొర్రలోనో, పాడుబడ్డ గోడ సందులోనో మార్చి నుంచి జూన్ మధ్య మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. గుడ్లు పొదగడానికి రెండున్నర వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల.

అంటే దీనికి కావాల్సినవి మూడు: కూర్చోవడానికి ఎత్తు, గుడ్లు పెట్టడానికి తొర్ర, వేటాడటానికి పురుగులున్న బయలు నేల. దట్టమైన అడవి దీని చోటు కాదు, కాంక్రీటు మధ్య కూడా కాదు. పొలాలు, బీళ్లు, పొదలు కలగలిసిన ఊరి అంచే దీని ఇల్లు.

"ప్రమాదంలో ఉంది" అంటే ఏమిటి

ఇక్కడే మొదటి గందరగోళం. ఒకరు పాలపిట్ట అంతరించిపోతోంది అంటారు. ఇంకొకరు అంతర్జాతీయ జాబితా చూపించి, అందులో భయం లేదని రాశారు కదా అంటారు. ఈ ఇద్దరి కొలమానాలు వేరు.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, ప్రచురించే ఎర్ర జాబితా ఒక జాతి ప్రపంచం మొత్తం మీద అంతరించే అవకాశం ఎంతో చెబుతుంది. ఒక జాతిని ప్రమాదపు వర్గంలో చేర్చడానికి దానికి కొన్ని గీతలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఇది: పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ, ఏది ఎక్కువ కాలమైతే ఆ లోపల, సంఖ్య 30 శాతం పడిపోవాలి. ఇరాక్ వైపు నుంచి భారత ఉపఖండం దాకా విస్తరించిన పాలపిట్ట ఈ జాబితాలో చాలాకాలం "పెద్దగా ఆందోళన లేని" వర్గంలోనే ఉంటూ వచ్చింది.

ఒక ఊహాలెక్క చూద్దాం. ఏదో ఒక పక్షి 25 ఏళ్లలో నూటికి ముప్పై తగ్గిందనుకుందాం. వంద ఉన్నచోట డెబ్బై మిగిలాయి. మన కళ్లకు అది పెద్ద నష్టం. కానీ అదే వేగాన్ని పదేళ్లకు లెక్క కడితే తగ్గుదల 13 శాతం దగ్గరే ఉంటుంది. పదేళ్ల గీతతో కొలిస్తే ఆ పక్షి ప్రమాదపు జాబితాకు చాలా దూరంలో ఉన్నట్టే. పక్షి తగ్గడమూ నిజమే, జాబితాలో చేరకపోవడమూ నిజమే.

మన దేశం వరకు చూసిన లెక్క వేరే ఉంది. 2023 ఆగస్టులో "స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్" పేరుతో ఒక నివేదిక వచ్చింది. దాదాపు 30,000 మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన మూడు కోట్ల పరిశీలనల ఆధారంగా 942 జాతుల పరిస్థితిని అందులో అంచనా వేశారు. దీర్ఘకాలంలో 30 శాతం, అంతకన్నా ఎక్కువ తగ్గిన 14 జాతుల ప్రపంచ స్థాయి హోదాను మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక కోరింది. ఆ పద్నాలుగింటిలో పాలపిట్ట ఒకటి. మనం సర్వసాధారణం అనుకునే పక్షి ఆ వరసలో ఉండటమే ఆ నివేదికలో నన్ను ఎక్కువ కలవరపెట్టిన విషయం. అరుదైన పక్షి తగ్గితే వెంటనే తెలుస్తుంది. రోజూ కనిపించే పక్షి తగ్గితే ఎవరికీ తెలియదు.

ఎవరు లెక్కపెట్టారు, ఎలా నమ్మాలి

దేశంలోని పాలపిట్టలన్నిటినీ ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేదు, పెట్టలేరు. జరిగేది ఇది. పక్షులను చూసేవాళ్లు ఎక్కడికైనా వెళ్లినప్పుడు అక్కడ గుర్తించిన జాతులన్నింటినీ జాబితాగా రాసి ఈబర్డ్ అనే వేదికలో పెడతారు. ఎన్ని జాబితాల్లో ఒక పక్షి కనిపించింది అన్నదాన్ని బట్టి దాని పరిస్థితిని అంచనా వేస్తారు.

ఒక ప్రాంతం నుంచి పాత రోజుల్లో 100 జాబితాలు వచ్చాయనుకుందాం. వాటిలో 40 జాబితాల్లో పాలపిట్ట ఉంది. ఇప్పుడు ఫోన్లు, యాప్‌లు వచ్చాక అదే ప్రాంతం నుంచి 1,000 జాబితాలు వచ్చాయి, వాటిలో 260లో పాలపిట్ట ఉంది. పైకి చూస్తే 40 కాస్తా 260 అయింది. నిజానికి నూటికి నలభై నుంచి ఇరవై ఆరుకు పడిపోయింది, అంటే 35 శాతం తగ్గుదల. చూసేవాళ్లు పెరగడం వేరు, పక్షి పెరగడం వేరు.

దీని మీద న్యాయమైన అనుమానాలు ఉన్నాయి. జాబితాలు రాసేవాళ్లు ఎక్కువగా నగరాల వాళ్లు. వాళ్లు చెరువులకూ అడవులకూ వెళ్తారు, పత్తి చేలకు వెళ్లేది తక్కువ. మరి పొలాల్లో ఉండే పక్షి తగ్గినట్టు కనిపించడానికి అదే కారణమైతే? దీనికి పరిశోధకుల జవాబు ఏమిటంటే, ఏ ప్రాంతం జాబితాలను ఆ ప్రాంతం పాత జాబితాలతోనే పోలుస్తారు, ఎంతసేపు వెతికారో కూడా లెక్కలోకి తీసుకుంటారు, చూసిన జాతులన్నీ రాసిన పూర్తి జాబితాలనే వాడతారు. దాంతో అనుమానం చాలావరకు తీరుతుంది, పూర్తిగా మాత్రం తీరదు. అందుకే నేలను గళ్లుగా విడగొట్టి, వెళ్లాలనిపించని గడిలోకి కూడా మనిషిని పంపి చూసే "అట్లాస్" పద్ధతి వచ్చింది. కేరళ 2015 నుంచి 2020 వరకు రాష్ట్రం మొత్తానికీ ఆ పని చేసింది. హైదరాబాద్ పక్షుల అట్లాస్ 2025లో మొదలైంది. స్వచ్ఛందంగా వచ్చిన పక్షి ప్రేమికులే దాన్ని నడిపిస్తున్నారు. మన నగరం గురించి అంచనాలు కాకుండా లెక్కలు మాట్లాడే రోజు దీని వల్లే వస్తుంది.

దసరా పంజరం ఎలా నడుస్తుంది

రావణుడి మీద యుద్ధానికి వెళ్లే ముందు రాముడికి పాలపిట్ట కనిపించిందని, అందుకే గెలిచాడని ఒక కథ. అజ్ఞాతవాసం ముగించి జమ్మిచెట్టు మీది ఆయుధాలు తీసుకునే వేళ పాండవులకు ఈ పిట్ట ఎదురైందని మరో కథ. గరళం మింగిన శివుడి కంఠంలోని నీలం దీనిదని ఉత్తరాదిన చెప్పుకుంటారు. తెలంగాణ పల్లెల్లో దసరా నాడు సాయంత్రం ఊరి పొలిమేర దాకా వెళ్లి, పాలపిట్టను చూసి, జమ్మి కొట్టి, ఆ ఆకును బంగారమని పంచుకోవడం ఆచారం. ఇందులో పిట్టను పట్టుకోవాలని ఎక్కడా లేదు. మనుషులే పిట్ట ఉన్నచోటికి నడిచి వెళ్లేవాళ్లు.

నగరం పెరిగాక పొలిమేర దూరమైంది. ఆచారం మాత్రం మనసులో ఉంది. ఆ ఖాళీలోకి పంజరం వచ్చింది. పండగకు కొన్ని రోజుల ముందే ఊళ్ల చుట్టుపక్కల వలలు, ఉచ్చులు, బంక పూసిన పుల్లలతో పక్షులను పడతారు. ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరిస్తారు, కట్టేస్తారు, కాళ్లకు దారం వేస్తారు. బతికున్న పురుగులు తినే పక్షికి పంజరంలో ఏది వేసినా సరిపోదు. పండగ దాకా బతికినవాటిని గుళ్ల దగ్గర, కాలనీల్లో, అపార్ట్‌మెంట్ గేట్ల ముందు చూపించి డబ్బులు అడుగుతారు.

ఈ బేరం లెక్క ఎలా ఉంటుందో ఊహించి చూద్దాం. ఒక మనిషి ఒక పంజరంతో పండగ పూట 60 ఇళ్లు తిరిగి, ఇంటికి 30 రూపాయల చొప్పున అందుకుంటే 1,800 రూపాయలు. పక్షికి అతను పెట్టిన ఖర్చు శ్రమ ఒక్కటే. దారిలో రెండు చనిపోయినా అతని లెక్కలో నష్టం దాదాపు లేదు, ఇంకో రెండు పట్టుకొస్తాడు. ఇప్పుడు జాలిపడిన ఎవరో 1,000 రూపాయలిచ్చి పక్షిని కొని వదిలేశారనుకుందాం. ముప్పై ఇళ్లు తిరిగితే వచ్చేదానికన్నా ఎక్కువ ఒక్కచోటే వచ్చింది. వచ్చే ఏడు అతను రెండు పంజరాలు తెస్తాడు. వదిలిన పక్షి పరిస్థితీ అంత బాగుండదు. కత్తిరించిన రెక్క ఈక వెంటనే పెరగదు, పాత ఈక రాలి కొత్తది వచ్చే దాకా ఆగాలి. ఎగరలేని పాలపిట్టను పార్కులో వదిలితే కుక్కకో పిల్లికో దొరుకుతుంది. రక్షించిన పక్షులను నెలల తరబడి సంరక్షణలో ఉంచాల్సి రావడానికి కారణం ఇదే. మంచి మనసుతో చేసిన పని వ్యాపారాన్ని పెంచుతుందని చెప్పడం కష్టంగానే ఉంటుంది, కానీ లెక్క అలాగే తేలుతోంది.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో "వేట" అనే మాటకు అర్థం చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, అందుకు ప్రయత్నించడం, పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడం కూడా అందులోకే వస్తాయి. 2022 సవరణ తర్వాత సాధారణ నేరాలకు మూడేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అంతకు ముందు జరిమానా పరిమితి 25,000. పక్షి ఈకల వ్యాపారం మీద ఆంక్షలు ఇంకా పాతవి. యూరప్ మహిళల టోపీల కోసం మన దేశం నుంచి వెళ్లే ఈకల ఎగుమతిని బ్రిటిష్ ప్రభుత్వమే 1902లో నిషేధించింది.

చట్టం గట్టిదే. దొరికేది మాత్రం ఎప్పుడూ వరసలో చివరి మనిషి, తరతరాలుగా పిట్టలు పట్టి బతికిన సంచార కుటుంబాల వాళ్లు. వాళ్ల మీద కేసు పెట్టడం ఒక్కటే సమాధానమైతే పక్షితో పాటు ఒక పేద కుటుంబాన్ని కూడా బోనులో పెట్టినట్టవుతుందని కొందరు అంటారు. జీవనోపాధి పేరుతో హింసను సహించలేమని జంతు హక్కుల వాళ్లు అంటారు. రెండు మాటల్లోనూ నిజముంది. పక్షులను వలకు పడేలా కనిపెట్టగల మనిషికి వాటి తొర్రలు ఎక్కడున్నాయో అందరికన్నా బాగా తెలుసు. ఆ తెలివిని గూళ్ల కాపలాకు జీతమిచ్చి వాడుకుంటే బాగుంటుందన్నది నా అభిప్రాయం.

ఇంకో చిక్కు ఉంది. గూడున్న చెట్టును కొట్టడం కూడా ఇదే చట్టం కింద తప్పే. కానీ వెంచర్ కోసం పది ఎండు తాటి మోళ్లను ఏప్రిల్‌లో కూల్చేటప్పుడు వాటి తొర్రల్లో ఏముందో ఎవరూ చూడరు. చెట్లు నరకడానికి వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. మోడును మాత్రం ఎవరూ చెట్టుగా లెక్కెయ్యరు. పంజరం కళ్లకు కనిపిస్తుంది, ఫొటో తీయొచ్చు, కేసు పెట్టొచ్చు. కూలిన మోడుకు అవేవీ జరగవు.

పంజరం బయట పోతున్న నేల

హైదరాబాద్ చుట్టూ పాలపిట్టకు నచ్చే నేలకు మన భాషలో మంచి పేర్లున్నాయి: కంచ, బీడు, శిఖం (చెరువు లోపలి నేల), గైరాన్ (పశువుల మేత భూమి). రెవెన్యూ దస్త్రాల్లో వీటిలో చాలా భాగం పనికిరాని భూమి కిందే లెక్క. రేగు, తుమ్మ పొదలు, మధ్యలో రాళ్లు, గడ్డి, అక్కడక్కడా తాటిచెట్లు. చూసేవాళ్లకు ఖాళీ జాగా. పాలపిట్టకు, కౌజుకు, కుందేలుకు నిండు ఇల్లు.

గత కొన్నేళ్లలో నగరంలో జరిగిన పెద్ద భూమి వివాదాలు చాలావరకు ఇలాంటి నేలల మీదే. గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల ఎగువన 84 గ్రామాల్లో, దాదాపు 1.32 లక్షల ఎకరాల్లో నిర్మాణాలను అదుపు చేస్తూ 1996లో జీవో 111 వచ్చింది. తాగునీటి కోసం పెట్టిన ఆ ఆంక్ష తెలియకుండానే పొలాలను, బీళ్లను కూడా నిలబెట్టింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో దాన్ని సడలించారు. ఆ ఊళ్ల రైతుల వాదన కూడా వినాలి. పక్క ఊళ్లో ఎకరం కోట్లకు పోతుంటే తమ భూమి మాత్రం పాతికేళ్లు విలువ లేకుండా ఉండిపోయిందని, నగరం తాగే నీళ్ల ఖర్చు తామే మోశామని వాళ్లు అన్నారు. అది న్యాయమైన బాధ. దాన్ని పక్కన పెట్టి పక్షి గురించి మాట్లాడితే ఎవరూ వినరు.

2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలైనప్పుడు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. భూమి తమదేనని, అది అటవీ భూమి కాదని ప్రభుత్వం చెప్పింది. కాగితం మీద అడవి కాకపోయినా అక్కడ జీవం ఉందని విద్యార్థులు, పర్యావరణవేత్తలు చెప్పారు. హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు కోర్టులు జవాబు చెప్పగలవు. పొదల నేలకు విలువ ఉందా అన్న ప్రశ్న మాత్రం ఆ వివాదంతోనే మొదటిసారి ఇంతమంది నోళ్లలో నానింది.

చెట్లు నాటడం మంచిదే కదా, మరి పక్షులు ఎందుకు తగ్గుతున్నాయని కొందరు అడుగుతారు. 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కల లక్ష్యం పెట్టుకుంది. రోడ్ల పక్కన, బడుల్లో ఆ నీడ అందరికీ మేలే. అయితే బయలు బీడును దట్టంగా మొక్కలతో నింపేస్తే, పైనుంచి నేలను చూస్తూ వేటాడే పక్షికి ఆ నేల కనిపించకుండా పోతుంది. పాలపిట్టకు కావాల్సింది చాలా చెట్లు కాదు, కొన్ని ముసలి చెట్లు, వాటి మధ్య బోలెడు బయలు.

ఇక తిండి. పండ్లు, తేనె మీద బతికే పక్షులకన్నా పురుగులు, మాంసం, గింజలు తినేవి వేగంగా తగ్గుతున్నాయని 2023 నివేదిక చెప్పింది. పురుగుమందు పిచికారీ చేసిన పత్తి చేలో మిడత లేకపోతే గట్టు మీద పాలపిట్టా ఉండదు. కరెంటు తీగలు కూర్చోవడానికి చోటిస్తాయి గానీ వాటి షాక్‌కు చనిపోయే పక్షుల్లో పాలపిట్ట ముందు వరసలో ఉన్నట్టు రాజస్థాన్‌లో జరిగిన అధ్యయనం చూపింది.

ఊళ్లు పక్షులను కాపాడిన చోట్ల ఏం జరిగింది

జనమే కాపాడిన పక్షుల కథలు మన దేశంలో చాలా ఉన్నాయి. నాగాలాండ్‌లో డోయాంగ్ జలాశయం దగ్గర 2012లో ఒక్క సీజన్‌లో లక్షకు పైగా అముర్ డేగలను వలలతో పట్టారని అంచనా. మరుసటి ఏడాదికే పాంగ్తి, చుట్టుపక్కల ఊళ్ల పెద్దలు, చర్చి, కార్యకర్తలు కలిసి దాన్ని పూర్తిగా ఆపేశారు. అస్సాంలో దదరా ఊళ్లో హర్గిలా కొంగను అపశకునమని, అది గూడు కట్టే చెట్లు నరికేవాళ్లు. వన్యప్రాణి పరిశోధకురాలు పూర్ణిమాదేవి బర్మన్ అక్కడి ఆడవాళ్లను కూడగట్టి, ఆ పక్షికి శ్రీమంతాలు చేయించి, చీరల మీద దాని బొమ్మ నేయించి ఊరి మనసు మార్చారు. మన గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఊరివాళ్లు సొంత పిల్లల్లా చూసుకుంటారు.

ఇదే పాలపిట్టకూ చేస్తే సరిపోతుందా? ఇక్కడే అసలు చిక్కు. పైన చెప్పినవన్నీ గుంపుగా ఒకచోట చేరే పక్షులు. వాటిని కాపాడాలంటే ఒక ఊరు, ఒక చెరువు, ఒక చింతతోపు గట్టిగా నిలబడితే చాలు. పాలపిట్ట గుంపు కట్టదు. జంటగా తన హద్దు తాను చూసుకుంటుంది, ఇంకో జంటను రానివ్వదు. ఒక జంట శంకర్‌పల్లి దగ్గర ఒక రైతు గట్టు మీద, ఇంకొకటి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ పొలాల్లో, మరొకటి చేవెళ్ల దారిలో. ఏ ఒక్క ఊరూ ఇది మా పిట్ట అని చెప్పుకోలేదు. పాలపిట్ట ఒకచోట చేరదు గానీ దాన్ని తలుచుకునే మనుషులు ఏడాదిలో ఒకరోజు, దసరా నాడు, చేరతారు. ఆచారమంతా మానెయ్యాలనే వాళ్లతో నేను అందుకే ఏకీభవించను. మానేస్తే పంజరం పోవచ్చు, దానితో పాటు ఈ పక్షిని పేరుపెట్టి తలుచుకునే ఒకే ఒక్క సందర్భమూ పోతుంది. పొలిమేరకు నడిచే పాత పద్ధతి మళ్లీ మొదలైతే పొలిమేర మిగిలిందా లేదా అని అడిగేవాళ్లు కూడా పుడతారు.

విడివిడిగా బతికే పక్షికి కూడా జనం పని చేయగలరని యూరప్‌లో దీని దగ్గరి బంధువైన యూరేషియన్ రోలర్ విషయంలో తెలిసింది. అక్కడ తొర్రలున్న పాత చెట్లు పోయిన చోట్ల గూటిపెట్టెలు పెట్టారు, చాలాచోట్ల పక్షులు వాటిని అంగీకరించాయి. 2015లో ఆ జాతిని ఎర్ర జాబితాలో ఒక మెట్టు కిందికి, అంటే తక్కువ ఆందోళన వైపు, మార్చారు. అయితే పెట్టె తొర్రను ఇస్తుంది, మిడతలను ఇవ్వదు. చుట్టూ నేల లేకపోతే పెట్టె ఖాళీగానే ఉంటుంది, లేదా గోరువంక చేరుతుంది.

మన దగ్గరే ఇంకో అనుభవం ఉంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు చేసేటప్పుడు దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు పోతాయని తెలిసి, నగరవాసులు ఒక్కో చెట్టునూ నమోదు చేసి హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. చివరికి చాలా చెట్లను ఉన్నచోటే ఉంచేలా ప్లాన్ మారింది. ఆలస్యమైన ఆ ఇరుకు రోడ్డు మీద ప్రమాదాల్లో మనుషులు చనిపోయారన్నదీ నిజం, వెంటనే వెడల్పు చేయాలన్న స్థానికుల కోపంలోనూ న్యాయం ఉంది. చెట్ల లెక్క పనులు మొదలవ్వకముందే చేతిలో ఉండి ఉంటే అన్నేళ్లు పట్టేది కాదు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక జీవవైవిధ్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఏ మోడులో ఏ పక్షి ఉందో రాసుకోవడానికి చోటు అదే. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం హోదా వచ్చింది కూడా ఈ చట్టం కిందే.

నగర శివారులో ఒక జంట ఏడాది

ఇదంతా ఒక జంటకు వర్తింపజేసి చూద్దాం. మొయినాబాద్ దగ్గర ఎక్కడో నాలుగు ఎండు తాటి మోళ్లు, ఒక బీడు, పక్కన కూరగాయల మడి ఉన్నాయనుకుందాం. మార్చిలో మగపక్షి పైకెగిరి గిరికీలు కొడుతూ, అరుస్తూ కిందికి దూకుతుంది. ఏప్రిల్‌లో తాటి మోడులో నాలుగు గుడ్లు. సరిగ్గా ఆ నెలల్లోనే ఎండాకాలం పనులు జోరుగా ఉంటాయి: కొయ్యకాళ్లు కాల్చడం, గట్లు చదును చేయడం, వానలకు ముందే ప్లాట్లకు రాళ్లు పాతడం. ఆ నాలుగు మోళ్లలో మూడు పోయినా జంట బతుకుతుంది, గూడున్న నాలుగోది పోతే ఆ ఏడు పిల్లలు లేవు. జూన్‌లో రెండు పిల్లలు ఎగిరాయనుకుందాం. వానాకాలంలో మడిలో మందు ఎంత కొడతారన్నదాన్ని బట్టి వాటికి మిడతలు. అక్టోబర్ నాటికి ఇంకా లోకం తెలియని ఆ పిల్లలకు, తల్లిదండ్రులకు ముందు వల ఎదురవుతుంది.

ఈ పన్నెండు నెలల్లో మన దృష్టి ఆ జంట మీద పడేది దసరా ముందు రెండు వారాలే. అప్పుడు పంజరం నుంచి విడిపించిన పక్షిని రెక్కలొచ్చాక ఎక్కడ వదలాలన్నది రక్షించినవాళ్లకు ప్రతి ఏటా ఎదురయ్యే ప్రశ్న. పురుగులున్న బయలు, తొర్ర, ఎండుకొమ్మ మూడూ ఒకేచోట ఉన్న నేల కోసం వాళ్లు ఏటికేడు ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఇంకాస్త ముందుకు వెళ్లాల్సి వస్తుంది.